అణిచేసిన చుక్క

ఆ అమ్మాయి వేళ్ళ కొసల మీద చర్మం మొదటిసారి పొరలుగా లేచింది జూన్ పదకొండో తేదీన. నా డైరీలో ఆ రోజు కింద ఒకే వాక్యం ఉంది: "కుడి చూపుడు వేలు, ఎడమ చూపుడు వేలు, ఎడమ నడిమి వేలు, చర్మం ఊడింది." ఎందుకు ఊడిందో రాయలేదు. కారణం నేనేనని తెలియడానికి ఇంకో రెండు నెలలు పట్టింది.

పలాసలో ఒక జీడిపప్పు కార్ఖానాలో ముప్ఫై ఒక్క ఏళ్ళు కాంటా గుమాస్తాగా పనిచేశాను. లోపలికి వచ్చే జీడిపిక్కల బస్తా, బయటికి వెళ్ళే పప్పు డబ్బా, రెండూ నా ముందు తూగాకే కదిలేవి. ఉద్యోగం పోయినా ఆ అలవాటు పోలేదు. జ్ఞాపకం బరువును పెంచుతుంది, తగ్గిస్తుంది. కాగితం మీది అంకె మాత్రం వేసినచోటనే ఉంటుంది. అందుకని ఇప్పుడు చెప్పబోయేది డైరీలు ముందు పెట్టుకునే చెబుతున్నాను. ఒకరిద్దరు చెప్పగా విన్నది ఉంటే, విన్నానని చెబుతాను.

అమ్మాయికి అప్పుడు పంతొమ్మిదేళ్ళు. పుట్టుకతోనే చూపు లేదు. వెలుతురు ఉందో లేదో మాత్రం తెలుస్తుంది. వాళ్ళది బారువ దగ్గర మత్స్యకారుల పల్లె. తండ్రి ఏడాదిలో ఎనిమిది నెలలు గుజరాత్‌లో బోట్ల మీద ఉంటాడు. తల్లి మా కార్ఖానాలోనే పప్పుకు పొట్టు తీసే పనిలో ఉండేది. నేను రిటైరైన ఏడాది, పలాసను ఆనుకుని ఉన్న కాశీబుగ్గలో మా ఇంటి వెనక గది ఖాళీ అయితే తల్లీకూతుళ్ళు అందులో చేరారు. అమ్మాయి పదో తరగతి వరకు విశాఖపట్నంలో అంధుల ఆశ్రమ పాఠశాలలో చదివింది. ఇక్కడికి వచ్చాక టెక్కలిలో ఇంటరు, ఆ తరువాత డిగ్రీ. ఉదయం ఏడూ నలభై బస్సుకు వెళ్ళి సాయంత్రం అయిదున్నరకు దిగేది. మా గుమ్మం నుంచి బస్సు ఆగే చోటికి ఆమె అడుగులు మూడువందల పన్నెండు. ఆ లెక్క నాది కాదు, ఆమెదే. ఒకసారి నడిచి సరిచూశాను. నా అడుగుల్లో రెండువందల డెబ్బై.

డిగ్రీతోపాటు గాత్ర సంగీతంలో డిప్లొమా పరీక్షకు ప్రైవేటుగా కట్టింది. పరీక్ష డిసెంబరులో. అది గట్టెక్కితే ఏదో ఒక బడిలో సంగీతం పంతులమ్మ కావచ్చు. కచేరీకి పిలిచేవాళ్ళకు పిలవడానికి ఒక కారణం దొరుకుతుంది. గట్టెక్కకపోతే పెళ్ళిళ్ళలో ఆర్కెస్ట్రా వాళ్ళ వెనక వరసలో నిలబడి రెండు సినిమా పాటలు. అప్పటికే అలా నాలుగు పెళ్ళిళ్ళకు వెళ్ళింది. ఒకచోట, వీడియోలో కళ్ళు పడకుండా పక్కకు తిరిగి పాడమన్నారట. తిరిగి పాడానని నాకు మామూలుగానే చెప్పింది.

ఆమె దగ్గర పన్నెండు నోటు పుస్తకాలు ఉండేవి. దళసరి కాగితం, కాగితం నిండా సూదితో గుచ్చిన చుక్కలు. బడిలో సంగీతం మాస్టారు ఒక్కొక్క స్వరం చెబుతూ ఉంటే ఆమె బ్రెయిలీ పలక మీద గుచ్చుకుంటూ అయిదేళ్ళలో నింపిన పుస్తకాలవి. ఆ మాస్టారికి కూడా చూపు లేదు. తన పాఠాన్ని ఎక్కడా అచ్చు వేయించలేదు, రికార్డు చేయించలేదు. ఆమె పదో తరగతి పరీక్షలు రాసిన వేసవిలో చనిపోయారు. అంటే ఆయన నేర్పిన పద్ధతి ఆ పన్నెండు పుస్తకాల్లో ఉంది, ఆమె గొంతులో కొంత ఉంది. మూడోచోట లేదు.

నమ్మకం కుదరని సంగతిని కుదరలేదని ఒప్పుకోవడం నా పద్ధతి. కంఠతా వచ్చిన పాటల్నే చదువుతున్నట్టు నటిస్తోందేమో అనుకున్నాను. మార్చి రెండో తేదీ సాయంత్రం ఒక పుస్తకం తీసి, మధ్యలో ఒక పేజీ విప్పి ఆమె ఒళ్ళో పెట్టాను.

"ఏ పుస్తకం ఇచ్చినావు తాతా?"

"నువ్వే చెప్పు."

ఎడమ చూపుడు వేలు పై వరస మీద పాకింది. నవ్వింది. "ఏడోది. నన్ను పరీచ్చ సేత్తన్నావేటి?"

పొయ్యి దగ్గర నుంచి తల్లి అందుకుంది. "సెయ్యనీయే. బస్తాని తుయ్యకుండా దించనిచ్చిన మనిసి కాడు ఆ బాబు. నిన్నొగ్గేత్తాడా?"

ఎడమ చెయ్యి చుక్కల మీద, కుడి చెయ్యి తొడ మీద తాళం వేస్తూ, ఆమె ఆ పేజీ చదివింది. స్వరాలు ఒక్కొక్కటే రాసుకున్నాను. గంట ఆగి అదే పేజీ మళ్ళీ చదివించాను. ఈసారి పాడొద్దని, మాటలాగా చెప్పమన్నాను. రెండువందల పన్నెండు స్వరాలు. ఒక్క తేడా లేదు. ఆ సాయంత్రం నుంచి ఆమె పరీక్ష నా పరీక్ష కూడా అయింది. పుస్తకాలకు అట్టలు వేశాను. ఒక్కొక్క పాట ఏ పుస్తకంలో ఎన్నో పేజీలో ఉందో పట్టిక రాశాను.

ఏప్రిల్ పంతొమ్మిదిన ఏడో పుస్తకం పద్నాలుగో కాగితం అంచున ఒక నూనె మరక కనిపించింది. తల దువ్వుకున్న చేతితో పట్టుకుంది కాబోలు. స్కేలు పెట్టి కొలిచాను. పొడవు మూడు సెంటీమీటర్లు. ఆ మేరకు కాగితం మెత్తబడి చుక్కలు కుంగాయి. ఆమెను కూర్చోబెట్టి చెప్పాను: "తడి ఆరుతుంది, నూనె ఆరదు. నూనె చేతితో పుస్తకం ముట్టుకోవద్దు. పుస్తకం ముట్టుకునే చేతికి నూనె రాయొద్దు."

"అలగే తాతా" అంది.

ఆ రెండు వాక్యాలూ అక్షరం పొల్లు పోకుండా డైరీలో ఉన్నాయి. జాగ్రత్త చెప్పానన్న తృప్తితో రాసుకున్నవి. మొదటిది సరిపోయేది. రెండోది అనకుండా ఉండవలసింది.

మే నెలలో కాలేజీకి సెలవులు వచ్చాయి. అది పిక్కల కాలం. తోటల నుంచి బస్తాలు దిగుతూ ఉంటే కార్ఖానాల్లో చేతులు చాలవు; ఆ రెండు మూడు నెలలు కాశీబుగ్గలో పనికి వెళ్ళని ఆడమనిషి కనిపించడం అరుదు. తల్లి నా దగ్గరికి వచ్చింది.

"బాబూ, గుంటని గదిలో ఒగ్గీసి ఎల్తంటే పేణం ఒప్పడం నేదు. మేస్త్రికి ఒక మాట సెప్పు. నా పక్కన కూకుంటాది. పొట్టు తియ్యడానికి కళ్ళెందుకు? ఏళ్ళుంటే సాలు."

కూతురు ఆమె వెనకే నిలబడి ఉంది. "అక్కడ పనిసేసే అప్పలందరూ పాడుకుంటారంట కదా తాతా. ఈ గదిలో పాడీ పాడీ గోడలకి కూడా పాటలొచ్చీసినాయి. మనుసులకి పాడతాను కొన్నాళ్ళు."

పొట్టు తీసే పప్పు అప్పటికే ఆరబెట్టి ఉంటుంది. అందులో చేతికి హాని చేసేది ఏదీ లేదు. ఆలోచించే ఒప్పుకున్నాను. మేస్త్రికి చెప్పాను. మే అయిదున చేరింది.

వేళ్ళు చురుకైనవి. మొదటి వారంలోనే ఆమె తీసిన పప్పు కొందరు పాతవాళ్ళ పప్పుతో సమానంగా తూగిందని తల్లి చెప్పింది. కాని పప్పు మడతలో పొట్టు ఎర్రగా ఒక నలుసు మిగిలితే వేలికి తెలియదు, కంటికే తెలుస్తుంది. ఆమె డబ్బాలో అలాంటివి ఎక్కువ వస్తున్నాయని మే పద్నాలుగున మేస్త్రి ఆమెను పిక్కలు విడదీసే చోటికి మార్చాడు. అక్కడ ఉడికించిన పిక్కను కత్తి యంత్రం రెండుగా చీలుస్తుంది. చీలిన డిప్పలోంచి పప్పును వేలితో బయటికి తీయాలి. తడిమి తీయగలిగిన పని. మేస్త్రి ఫోను చేసి చెబితే, సరే అన్నాను.

ఆ డిప్పలోంచి నల్లటి నూనె కారుతుంది. జీడి. అది పడితే చర్మం కాలుతుందని పలాసలో పుట్టిన పసిపిల్లకు కూడా తెలుసు. ఏళ్ళ తరబడి ఆ పని చేసిన వాళ్ళ వేళ్ళ మీద గీతలు చెరిగిపోతాయి. వేలిముద్ర యంత్రం గుర్తుపట్టక పింఛను కోసం రెండు మూడుసార్లు తిరిగే ఆడవాళ్ళను ముప్ఫై ఒక్క ఏళ్ళు చూశాను. నాకు తెలియదనడానికి వీల్లేదు. కాని బస్తాకు నా పుస్తకంలో ఒక గడి ఉండేది, డబ్బాకు ఒక గడి ఉండేది, చేతులకు గడి లేదు. ఆ చేతులనూ పుస్తకం మీద పాకే ఈ వేలినీ నా మనసు ఒక్కసారి కూడా పక్కపక్కన పెట్టలేదు.

పని మొదలుపెట్టే ముందు అక్కడి ఆడవాళ్ళు చేతులకు ఆముదం దట్టంగా పట్టించి, పైన బూడిద అద్దుకుంటారు. జీడి పూర్తిగా ఆగదు కాని చాలావరకు ఆగుతుంది. అమ్మాయి బూడిద మాత్రమే అద్దుకుంది. ఇది నేను చూసింది కాదు. ఆమె పక్కన కూర్చున్న ఒక ముసలామె ఆగస్టులో నాకు చెప్పిన మాట.

"ఒలే గుంటా, ఆవుదం రాసుకోవే, జీడి పట్టేత్తాది" అందట ముసలామె.

"ఒద్దప్పా. నూనె సేతుల్తో పుస్తకం ముడితే తాత ఊరుకోడు."

"ఎవుడే ఆ తాత?"

"కాంటా బాబు."

"ఓలమ్మో, ఆ బాబా! నవ్వొచ్చినా తూసి నవ్వుతాడు కదే ఆ మనిసి. రాసుకో, మేం సెప్పంలే."

అందరూ నవ్వారట. ఆమె కూడా నవ్విందట. రాసుకోలేదు.

చర్మం ఊడినప్పుడు తల్లి కంగారు పడలేదు. కొత్త చేతులకు మొదట్లో అలాగే అవుతుందని, ఊడి వచ్చిన చర్మం గట్టిదని, ఆ తరువాత బాధ ఉండదని ఆమెకు అనుభవం. తనకు అలాగే అయింది. గట్టిపడటమే నయమవడమని ఆ కార్ఖానాలో అందరి లెక్క. అమ్మాయి కూడా అదే అనుకుంది. మంట తగ్గిందని సంతోషించింది. పాటలు పాడించుకునే అప్పలను వదిలి రావడానికి ఆమెకు ఇష్టం లేదు. జులై మొదటి వారం వరకు వెళ్ళింది. పిక్కల దగ్గర మొత్తం నలభై ఏడు రోజులు.

జూన్ ఇరవయ్యో తేదీన ఏడో పుస్తకంలో ఆ పాత పేజీనే ఇచ్చాను. రెండువందల పన్నెండు స్వరాల్లో పంతొమ్మిది తప్పులు. వేళ్ళు పచ్చిగా ఉన్నాయి కనుక సహజమే అనుకున్నాను. జులై పదిహేను నాటికి వేళ్ళు మానాయి. తప్పులు అరవై నాలుగు. ఆగస్టు మూడున ఆమె వేలు పేజీ అంతా తిరిగి, పైనుంచి మళ్ళీ తిరిగి, ఆగింది.

"ఏమైంది?"

"గోనెసంచి తొడుక్కుని తడిమినట్టుంది తాతా. కాగితం ఉందని తెలుత్తంది. ఏ ఏలు పెట్టినా సుక్కలు తెల్డం నేదు."

ఆ రోజు తప్పులు లెక్కపెట్టలేదు.

టెక్కలిలో చర్మ వైద్యుడికి చూపించాం. ఆయన ఆమె వేళ్ళను దీపం కింద చాలాసేపు చూశాడు. మందు రాసి ఇచ్చాడు. "చర్మం బాగుపడుతుంది. పనులకు ఇబ్బంది ఉండదు" అన్నాడు. చుక్కలు చదవడానికి పనికొస్తుందా అని అడిగాను. "అంత సన్నటి స్పర్శ సంగతి నేను చెప్పలేను. ఏడాది చూడండి" అన్నాడు. పరీక్షకు నాలుగు నెలలు ఉంది.

తిరుగు బస్సులో తల్లి కూతురి చేతిని తన ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పలాస వచ్చేదాకా ఒక్క మాటే అంది. "నా ఏళ్ళు అలగైతే నాకేటీ కానేదు బాబూ. దీనికీ ఏటీ కాదనుకున్నాను."

మరునాడు ముసలామె దగ్గరికి వెళ్ళాను. ఆముదం సంగతి అప్పుడు తెలిసింది. ఇంటికి వచ్చి ఏప్రిల్ పంతొమ్మిది పేజీ తీసి చదువుకున్నాను.

పరీక్షకు పాడవలసినవి పదిహేను. అందులో తొమ్మిది ఆమెకు గట్టిగా వచ్చు. మిగతా ఆరూ, నాలుగేళ్ళ కిందట నేర్చుకుని వదిలేసినవి. పుస్తకం చూసి మళ్ళీ ఎత్తుకోవలసినవి. ఫోనులో ఎందరో పాడినవి దొరికాయి. విన్నది. వాళ్ళ పద్ధతి వేరు, మాస్టారి పద్ధతి వేరు. "రెండు దార్లు కలిపి నడిత్తే ఏ ఊరూ రాదు తాతా" అంది. స్వరాలు విడిగా అప్పజెప్పమని కూడా పరీక్షలో అడుగుతారు కనుక ఆ భయం నిజమైనదే. ఆ చుక్కలు చదవగలిగినవాళ్ళు మా చుట్టుపక్కల ఎవరూ లేరు.

నాకు కళ్ళున్నాయి. చుక్కలు లెక్కపెట్టగలను. నేనే నేర్చుకుంటానన్నాను.

ఆమె నోటితో చెప్పింది, నేను కాగితం మీద వేసుకున్నాను. ఒక గడికి ఆరు చుక్కల చోట్లు. ఎడమ మూడు, కుడి మూడు. ఏ చోట్ల చుక్కలు లేచాయన్నదాన్ని బట్టి అక్షరం. "మ"కు మూడు చుక్కలు. అందులో ఎడమ వరస నడిమి చోట ఇంకొకటి చేరితే నాలుగు, అది "ప". ఇంత నిక్కచ్చి అయిన వ్యవహారం నాకు సంగీతంలో ఉంటుందని తెలియదు. ఆగస్టు ఇరవై ఏడు నాటికి తడబడకుండా చదవగలిగాను. ఆరు పాటలూ కలిపి నలభై ఒక్క పేజీలు. రెండు రోజులకు ఒక పేజీ చొప్పున ఎనభై రెండు రోజులు. పరీక్ష డిసెంబరు తొమ్మిది. చేతిలో నూట నాలుగు రోజులు. ఇరవై రెండు రోజులు మిగులు. ఆ లెక్క ఆమెకు చెప్పినప్పుడు రెండు నెలల్లో మొదటిసారి గట్టిగా నవ్వింది.

"అయితే గట్టెక్కుతాం అంటావా?"

"లెక్క అలాగే చెబుతోంది."

రోజూ ఉదయం కాగితాన్ని కిటికీ దగ్గర ఏటవాలుగా పట్టుకుని కూర్చునేవాణ్ణి. తెల్లకాగితం మీద తెల్లచుక్కలు. వెలుతురు పక్కనుంచి పడితేనే నీడ కనిపిస్తుంది. ఒక్కొక్క గడినీ రెండేసిసార్లు చూసి రాసుకునేవాణ్ణి. ఆమె కాలేజీ నుంచి రాగానే వినిపించేవాణ్ణి. ఆమె అందుకుని పాడేది. అక్కడక్కడ ఆగి, "ఆఁ, గుర్తొచ్చింది" అనేది. ఆ మాట విన్న ప్రతిసారీ డైరీలో ఒక టిక్కు పెట్టాను.

అక్టోబరు పద్దెనిమిదిన, ఆ ఆరింటిలో ఒకటైన వర్ణం చివరి స్వరాల్లో ఒకచోట ఆమె ఆగింది. "ఆఁ" అనలేదు.

"తాతా, అక్కడ 'పా' కాదేమో. నా గొంతు 'మా' కాడే ఆగుతంది."

కాగితం చూశాను. "పా. నాలుగు చుక్కలున్నాయి."

"మల్లీ సూడు."

కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూశాను. "నాలుగే."

"మాస్టారు అక్కడ కొంచెం ఆగి ఎల్లేవోరు. ఆ ఆగడం 'మా' మీదేనని నాకు..."

"జ్ఞాపకం పొరబడుతుంది తల్లీ. కాగితం పొరబడదు. ఇప్పటికి మూడుసార్లు లెక్కపెట్టాను."

ఆమె ఆ వరసను లోలోపలే ఇంకోసారి పాడుకుంది. తల్లి నవ్వుతూ అంది, "ఇంకా ఏటే నీ తగువు? ముప్పై ఏళ్ళు కాంటా ముందర కూకున్న మనిసితోనా?"

"సరే తాతా. నువ్వు లెక్క తప్పవు" అంది. ఆ రోజు నుంచి అక్కడ "పా" పాడింది.

డిసెంబరు తొమ్మిదిన పాసింజరులో విజయనగరం వెళ్ళాం, ముగ్గురం. పదకొండూ పదికి ఆమెను లోపలికి పిలిచారు. తలుపు ఓరగా వేసి ఉంది. నేనూ తల్లీ వరండాలో బల్ల మీద కూర్చున్నాం. మొదట ఆమెకు గట్టిగా వచ్చిన కృతి ఒకటి అడిగారు. అది నేను ఎన్నోసార్లు విన్నదే. ఎక్కడా జంకు లేదు. తల్లి నా మోచేయి పట్టుకుంది. తరువాత వర్ణం అడిగారు.

చివరి స్వరాల దగ్గర లోపల ఒక స్త్రీ గొంతు, "ఆగమ్మా" అంది. "ఆ వరస మళ్ళీ పాడు."

పాడింది.

"'పా' ఎలా వచ్చింది అక్కడికి? రాగం చెడిపోలేదూ? మళ్ళీ చూసుకో."

మళ్ళీ "పా"యే పాడింది. ఆ తరువాతి వరసలో మరోచోట ఆపారు. ఇంకోచోట ఆపారు.

"ఎవరి దగ్గర నేర్చుకున్నావు?"

ఆమె మాస్టారి పేరు చెప్పింది.

"ఆయన నాకు తెలుసు. ఆయన ఇలా చెప్పి ఉండరే." ఆ మాటలో కాఠిన్యం లేదు. ఆశ్చర్యం ఉంది. "పోనీలే అమ్మా. నీకు బాగా వచ్చింది ఇంకొకటి పాడు."

బాగా వచ్చినవి ఇంకా ఎనిమిది ఉన్నాయి. ఒకటి ఎత్తుకుంది. రెండో వరసలో ఆగింది. మొదటినుంచి ఎత్తుకుంది. అక్కడే ఆగింది. తరువాత తలుపు అవతల ఏ చప్పుడూ లేదు. పదకొండూ ముప్ఫై నాలుగుకు బయటికి వచ్చింది.

తిరుగు బండిలో కిటికీ పక్కన కూర్చుని చాలాసేపటికి అడిగింది. "తాతా, ఆ సుక్క పైకి లేసుందా, అణిగుందా?"

"ఏ చుక్క?"

"'మా'ని 'పా' సేసిన సుక్క. తప్పు గుచ్చితే గోటితో అణిసేసీవోళ్ళం. ఏలికి తగలకపోతే అది సుక్కే కాదు."

కంటికి కనిపిస్తుందని ఆమెకు ఎలా తెలుస్తుంది? ఆమెకూ మాస్టారికీ అణిచేసిన చుక్క లేని చుక్కే. వాళ్ళ లోకంలో దాన్ని చూడగలిగినవాడు ఎవడూ లేడు, నేను వచ్చేదాకా.

ఇంటికి చేరి ఆ పేజీ తీశాను. నాలుగు చుక్కలు కనిపించాయి. కళ్ళు మూసుకుని వేలు పెట్టాను. నాది మొద్దు వేలు. చాలాసార్లు పెట్టవలసి వచ్చింది. మూడే తగిలాయి. కళ్ళు తెరిచాను. నాలుగు ఉన్నాయి. వెలుతురు ఏటవాలుగా పడ్డప్పుడు నాలుగోదాని చుట్టూ సన్నటి నీడ. మధ్యలో చుక్క లేదు.

నాలుగు రోజులు కూర్చుని నలభై ఒక్క పేజీలూ వేలితో సరిచూశాను. ఇరవై మూడుచోట్ల అణిచేసిన చుక్కను చుక్కగా చదివాను. ఆ సంఖ్య ఆమెకు చెప్పాను. దాచి ప్రయోజనం లేదు.

"అయితే ఆ రోజు నా గొంతు సెప్పిందే నిజమా?"

"నిజమే."

"ఆ ఒక్కదానికే సెప్పింది తాతా. మిగతా ఇరవై రెండిటికీ ఏటీ సెప్పనేదు. 'ఆఁ, గుర్తొచ్చింది' అన్నాను."

డైరీలో ఆ టిక్కులన్నీ ఉన్నాయి.

ఇరవై మూడూ దిద్ది మళ్ళీ వినిపించాను. ఆమె విన్నది, పాడింది. దిద్దిన చోటికి వచ్చేసరికి గొంతు రెండు స్వరాల మధ్య ఆగిపోయేది. నెల తిరిగేసరికి అది ఆరు పాటలతో ఆగలేదు. ఒక ఉదయం, చిన్నప్పటి నుంచి వచ్చిన ఒక కృతి పాడుతూ మధ్యలో మానేసింది. అందులో నా చదువు ఒక్క అక్షరం లేదని చెప్పాను. పట్టిక తెచ్చి రుజువు చూపిస్తానన్నాను.

"నాకు తెలుసు తాతా. అయినా నమ్మబుద్ధి కాడం నేదు. ఏది మాస్టారు సెప్పిందో, ఏది నువ్వు సదివిందో నాకు తెల్డం నేదు. ఎవల్ని అడగను?"

జనవరి ఇరవై రెండున ఫలితం వచ్చింది. పాడే పరీక్షలో తప్పింది. వేళ్ళు అలాగే ఉన్నాయి. వైద్యుడు చెప్పిన ఏడాదిలో అప్పటికి అయిదు నెలలు గడిచాయి. కాలేజీకి వెళ్ళి వస్తోంది. ఇంట్లో పాట లేదు. పొద్దున్నే ఆరింటికి వెనక గదిలోంచి వినిపించే శ్రుతి జనవరి పదహారు తరువాత వినిపించలేదు. ఆ నెలలోనే ఆర్కెస్ట్రా వాళ్ళు ఒక పెళ్ళికి పిలిచారు. సినిమా పాటలు కదా, వెళ్ళమంది తల్లి. రానని ఫోనులో ఆమే చెప్పేసింది.

మళ్ళీ పరీక్షకు కట్టడానికి ఆఖరు తేదీ ఫిబ్రవరి ఇరవై ఎనిమిది. దరఖాస్తు నేనే నింపాను. సంతకం చోట ఆమె వేలిముద్ర కావాలి. ఆ మధ్యాహ్నం మూడున్నరకు కాగితం, ఇంకు పెట్టె తీసుకుని వెనక గదికి వెళ్ళాను. ఆమె గోడకు చేరగిలబడి కూర్చుని ఉంది. తల్లి బియ్యంలో రాళ్ళు ఏరుతోంది.

"ఇవాళ ఆఖరి రోజు. వేలు ఇలా ఇవ్వు తల్లీ" అన్నాను.

ఆమె చెయ్యి చాపలేదు. కోపంగా కూడా లేదు. నెమ్మదిగా, తెలుసుకుందామని అడిగినట్టే అడిగింది.

"ఈపాలి పుస్తకం ఎవలు సదువుతారు తాతా?"

తల్లి చేటలోంచి తలెత్తి నా వైపు చూసింది. కళ్ళు మూసుకుని వేలితో చదువుతానని చెప్పవచ్చు. రోజుకు ఎన్ని గడులు అలా చదవగలనో, మిగిలిన రోజులు ఎన్నో, దారిలోనే లెక్క వేసుకుని వచ్చాను. లెక్క కుదిరింది కూడా. ఆ అంకె నాలుక మీదికి వచ్చి అక్కడే ఉండిపోయింది.

రిజిస్టరు పోస్టు నాలుగున్నర దాకా తీసుకుంటారు. నాలుగున్నర దాటేదాకా ఆ గుమ్మంలోనే కూర్చున్నాను.